పడుగు పట్టేంత పొడుగు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను ఒక గుడారంలో కూర్చుని కక్కసులు గీసేవాణ్ణి. సర్కారు ఆఫీసులు చాలావాటికి అప్పట్లో గోడలు లేవు. గుడ్డకప్పు కింద బల్ల, బల్ల మీద కాగితం, కాగితం ఎగిరిపోకుండా మూలమూలకూ ఒక రాయి. పెద్ద ఇంజనీరుగారు బంగళాలు గీసేవారు. ఆయన కిందివాళ్లు ఆ బంగళాలకు వసారాలు గీసేవాళ్లు. అందరికన్నా కింద ఉన్న నాకు మిగిలింది ఆ పని. దానికి నేనేమీ సిగ్గుపడలేదు. గాలి ఎటు తిరుగుతుందో, నీళ్లు ఎటు పారతాయో, మనిషికి ఎంత చోటు సరిపోతుందో నేను నేర్చుకున్నది దాంట్లోనే. అయినా సరే, ఎవరైనా "ఏం గీస్తాండావప్పా?" అని అడిగితే, గవర్నమెంటు కట్టడాలు అని కాస్త గొంతు పెంచి చెప్పేవాణ్ణి.

అలాంటి నా బల్ల దగ్గరికి ఒక మధ్యాహ్నం కడప జిల్లా నుంచి ఒక శెట్టి వచ్చాడు. జరీ అంచు పంచె, చంకలో గొడుగు, మొహం నిండా చెమట. వాళ్లది మగ్గాల ఊరు. ఆ ఊరి నేతగాళ్ల పిల్లవాడొకడు ఎప్పుడో మద్రాసు పోయి, స్టూడియోలో సామాన్లు మోయడంతో మొదలుపెట్టి, చివరికి తానే సినిమాలు తీసేంతవాడయ్యాడు. మా వైపు వాళ్లం ఆయన్ని తల్చుకుని తెగ పొంగిపోయేవాళ్లం. ఆయన సినిమాల్లో కిరీటాలూ గదలూ ఉండవు. మన సందులు, మన ఎండ, మన ఆడవాళ్ల కేకలు ఉంటాయి. ఆయన అంతకు ముందు ఏడాది మద్రాసులోనే చనిపోయాడు. ఊరివాళ్లు ఆయన జ్ఞాపకంగా ఒక కళామందిరం కట్టాలనుకున్నారు. నాటకాలకు స్టేజీ, సినిమా వేసుకోను తెల్లగోడ, పేపర్లు చదువుకోను ఒక గది ఉండాలని వాళ్ల ఆలోచన. శెట్టి ఆ కమిటీకి అధ్యక్షుడు. ప్లాను కోసం పెద్ద ఇంజనీరుగారిని ఆశ్రయిస్తే, ఆయన నావైపు వేలు చూపించి తన పనిలో పడిపోయారు.

మందిరం ఎలా ఉండాలని మీ ఉద్దేశమని శెట్టిని అడిగాను.

"చెప్పేది ఎందుకప్పా, చూపిస్తా రా" అంటూ నన్ను లేపి, మిట్టమధ్యాహ్నం ఎండలో నడిపించుకుపోయి, హంద్రీ ఒడ్డున పాతకాలపు గుమ్మటం ముందు నిలబెట్టాడు. "ఈ మాదిరి ఉండాల. ఇదే గుమ్మటం, ఇవే కమానులు. నడిమధ్యలో మావోని బొమ్మ."

"శెట్టిగారూ, ఇది గోరీ."

"అయితే ఏమప్పా? చూసేదానికి శానా బాగుండాది గదా."

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. కానీ అప్పుడు నేను పాతికేళ్లవాణ్ణి. కక్కసు కానిది ఏది గీయమన్నా గీసేసే వయసు. గుమ్మటం గీశాను, దాని కింద చేతిలో కెమెరా పట్టుకున్న విగ్రహం గీశాను, చుట్టూ కమానులు గీశాను. నీడలు కూడా వేశాను. చూసుకుని నాకు నేనే మురిసిపోయాను.

ఆ కాగితాన్ని గొట్టంగా చుట్టుకుని బస్సెక్కాను. నంద్యాల దాటేదాకా పక్కన కూర్చున్న ముసలాయన దాన్నే చూస్తూ వచ్చాడు. చివరికి ఉండబట్టలేక "పెండ్లికి పోతాండావా నాయనా? నాగస్వరమా అది?" అని అడిగాడు. ఔనన్నాను. ప్లాను గురించి చెప్పడం కన్నా అదే సులువనిపించింది.

బస్సు దిగగానే శెట్టి ఎదురొచ్చి, ముందు పెద్దక్కకు చూపించాలన్నాడు. పెద్దక్క అంటే ఆ సినిమా ఆయన సొంత అక్క. తల్లి చిన్నతనంలోనే పోతే తమ్ముణ్ణి సాకింది ఆమే. భర్త పోయినా మగ్గం వదల్లేదు, కొడుకు మరోచోట మగ్గం వేసుకుంటే కోడలిని తోడుంచుకుని తానే నేస్తోంది. ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ ఆమె పెద్దక్కే.

మేం వెళ్లేసరికి మగ్గం గుంటలో కాళ్లు దించుకుని నేస్తోంది. "ఈ అంచు కానీ నాయనా" అంది, తల ఎత్తకుండా. అంచు అయ్యాక చేతులు తుడుచుకుని నా కాగితం ముందు కూర్చుంది. ఆమెకు చదువు రాదు, కానీ బొమ్మను బొమ్మలాగా చూసే ఓపిక ఉంది. వేలు పెట్టి ఒక్కొక్కటే అడిగింది.

"ఇదేంది?"

"గుమ్మటం పెద్దమ్మా."

"ఇది?"

"విగ్రహం."

"దీని చుట్టూ ఈ దోవ?"

"జనం చుట్టూ తిరిగి దండం పెట్టుకోను."

"తిరిగినాక యాడ కూచుంటారు?"

నేను కాగితమంతా వెతికాను. కూర్చునే చోటు లేదు.

"సమాధి గీసుకోనొచ్చినావు నాయనా" అంది. గొంతులో కోపం లేదు. "మావోడు పోయింది మద్రాసులో. కాల్చింది మద్రాసులో. నాకు తంతి అంది, బస్సెక్కి, రైలెక్కి పోయేసరికి బూడిద గూడ ల్యా. ఆ సావు ఆడ్నే అయిపోయిండాది. దాన్ని ఈడికి తేవాకండి. ఈ ఊర్లో వానికి సావు వద్దు."

శెట్టి మొహం చిన్నబోయింది. "మరి ఏం కావాలక్కా నీకు?" అన్నాడు.

ఆమె లేచి మమ్మల్ని వీధిలోకి తీసుకుపోయింది. నేతపని తెలియనివాళ్ల కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. మగ్గం ఎక్కించే ముందు పడుగును, అంటే చీర నిలువుకు వచ్చే నూలునంతా, వీధి పొడుగునా సాచి కడతారు. దానికి గంజి పట్టించి, అటొకరు ఇటొకరు పెద్ద పెద్ద కుంచెలతో దువ్వుతూ నడుస్తారు. తడి ఆరేదాకా దువ్వాలి. ఆపితే పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి, నూలంతా పాడైపోతుంది. ఆ ఊళ్లో తాతల నాటి నుంచీ ఆ పనంతా ఇసక వీధిలోనే జరిగేది. ఇప్పుడు ఆ వీధికి కంకర వేసి బస్సు తిప్పుతున్నారు. బస్సు పోయినప్పుడల్లా తడి నూలు మీద దుమ్ము.

"మావోడు అచ్చరాలకన్నా ముందు కుంచె పట్టినాడు" అంది పెద్దక్క. "పడుగు కాడ నలుగురు చేరి చెప్పుకునే కతలన్నీ విని విని, అయ్యే సినిమాలు తీసినాడు. వాని పేరుతో ఇల్లు కడతాండారు గదా. పడుగు పట్టేంత పొడుగు కట్టండి. పొద్దున మేము పని చేసుకుంటాం, మాపుకి మీరు ఆడండి, పాడండి, సినిమా వేసుకోండి. ఎప్పుడూ జనం ఉండాల దాంట్లో. నాకు కావాల్సింది అంతే."

నాకు అంత సూటిగా ఏం కావాలో చెప్పినవాళ్లు అంతకు ముందు లేరు, తర్వాత ఉద్యోగమంతా చేసినా దొరకలేదు. ఆ పూటే నా గుమ్మటం కాగితాన్ని బోర్లా తిప్పి, వెనక వైపు కొత్తది మొదలుపెట్టాను. పొడుగాటి హాలు. రెండు వైపులా గోడల బదులు రాతి స్తంభాలు, వాటి మధ్య మనిషి కూర్చునేంత ఎత్తు అరుగు. పైన కడప బండల కప్పు. ఒక చివర స్టేజీ, దాని వెనక తెల్లగోడ. రెండో చివర పేపర్ల గది, దాని పైన సినిమా మిషను పెట్టుకునే అటక. శెట్టి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "రైలుపెట్టె మాదిరి ఉండాది" అని నిట్టూర్చాడు. నాకు మాత్రం అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

కట్టడం ఆ వేసవి అంతా సాగింది. సెలవు దొరికినప్పుడల్లా నేను బస్సెక్కి పోయేవాణ్ణి. గానుగలో సున్నం తిరుగుతుంటే ఆ గరగర వింటూ, స్తంభం తర్వాత స్తంభం లేస్తుంటే చూస్తూ కూర్చోవడం నాకు పండగగా ఉండేది. పెద్దక్క ఇంట్లో జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి తిని, కట్టే హాల్లోనే తలకింద తువ్వాలు పెట్టుకుని పడుకునేవాణ్ణి. గాలి ఈ వైపు స్తంభాల్లోంచి వచ్చి ఆ వైపు పోయేది. కక్కసుల చదువు వృథా పోలేదనుకునేవాణ్ణి.

గుమ్మటం పోగొట్టుకున్న శెట్టి చివరికి ఒకే ఒక్కటి అడిగాడు. "వాకిట్లో ఒక రాయన్నా పెట్టుకోనియ్యప్పా. పేరు లేకుంటే ఎవరిదని తెలుస్తాది?" ఆ మాటలో న్యాయం ఉంది. ప్లానులో మెట్ల పక్కన చిన్న చదరం గీసి, శిలాఫలకం అని రాసి, నేను కర్నూలు వెళ్లిపోయాను.

శెట్టి పిసినారితనం చేయలేదు. ఆ చుట్టుపక్కల అందరికన్నా మంచి పనితనం ఉన్న రాతిపనివాడికే ఒప్పగించాడు. ఆయన చేతి నైపుణ్యానికి నేను ఇప్పటికీ వంక పెట్టను. చిక్కల్లా ఆయన జన్మంతా చెక్కినవి సమాధి రాళ్లే. పోయినవాడి పేరు, పుట్టిన రోజు, పోయిన రోజు చేతికిస్తే ఆయనకు తెలిసింది ఆయన చేశాడు, ఎంతో ప్రేమగా చేశాడు. పైన గుండ్రంగా తీర్చాడు. ఒక మూల సూర్యుడు, ఒక మూల చంద్రుడు. కింద రెండు పాదాలు. ప్రారంభోత్సవం పొద్దున రాయి మీది గుడ్డ తొలగించినప్పుడే నేను దాన్ని మొదటిసారి చూశాను. పక్కన శెట్టి కళ్లు తుడుచుకుంటూ "ఎంత బాగుండాదో చూడప్పా" అంటున్నాడు.

జనం బాగా వచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే చెప్పులు విడిచారు. ఆడవాళ్లు రాయి ముందు కూలబడి శోకాలు పెట్టారు. చిన్నప్పుడు ఆయన్ని ఎత్తుకు తిరిగామని ఒకరు, చేతిలో బెల్లం ముక్క పెట్టామని ఒకరు. పాపం, వాళ్ల బాధలో అబద్ధమేమీ లేదు. ఊరి బిడ్డ ఎక్కడో పోయాడు, ఆఖరిచూపు లేదు, ఏడవను చోటు లేదు. ఇన్నాళ్లకు చోటు దొరికింది. కరువుతీరా ఏడ్చి, రాయి చుట్టూ తిరిగి, దండం పెట్టి, హాలు గడప తొక్కకుండా అలాగే వెనక్కి తిరిగారు. ఇళ్లకు పోయి, చావింటికి పోయొచ్చినట్టు అందరూ తలకు పోసుకున్నారు. ఆ మధ్యాహ్నం ఊరి బావుల దగ్గర చేద ఖాళీ లేదు.

సాయంత్రం ఆయన తీసిన సినిమా వేశారు. శెట్టి మద్రాసు నుంచి తెప్పించాడు. పక్క ఊళ్లో గుడారం వేసిన టూరింగ్ టాకీసు ఆయన మిషనూ ఇంజనూ తెచ్చి ఇచ్చాడు. అంత పెద్ద హాల్లో కూర్చున్నది పెద్దక్క, ఆమె కోడలు, శెట్టి, నేను. స్నానం చేసిన ఒంటితో సమాధి దగ్గరికి మళ్లీ ఎవరొస్తారు? తెల్లగోడ మీద ఈ ఊరి సందులాంటి సందే కదులుతోంది, పడుగు దువ్వేవాళ్లు నవ్వుకుంటున్నారు. పెద్దక్క ఒకసారి వెనక్కి తిరిగి ఖాళీ హాలు చూసింది. మళ్లీ గోడవైపు తిరిగింది. నాకు ఆమె మొహం చూడడానికి ధైర్యం చాలలేదు.

తర్వాత కూడా అంతే. కప్పు బండల సందుల్లో సున్నం సరిచేయించాలని నేను సెలవు పొడిగించుకుని అక్కడే ఉన్నాను. పేపర్ల గదిలో పేపర్లు మడత విప్పకుండా ఉండిపోయేవి. పడుగులు దుమ్ములో, కంకర మీదే సాగుతున్నాయి. పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి రాయి ముందు కాకులకు అన్నం పెట్టి పోయేవాళ్లు. ఆ అన్నం చూసినప్పుడల్లా పెద్దక్క పళ్లు కొరికేది.

"రాయి తీసేద్దాం" అన్నాను శెట్టితో.

ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు. "సమాధి రాయి పీకేదా? ఊరు ఊరుకుంటాదా?"

"అది సమాధి కాదు శెట్టిగారూ!"

"నాకు తెలుసప్పా. ఊరికి తెలియాల గదా."

వాదించి లాభం లేకపోయింది. మరునాడు ఉదయం నేను ఇంకా మొహం కడుక్కోకముందే పెద్దక్క, ఆమె కోడలు ఇద్దరూ కట్ట చుట్టిన పడుగును మోసుకుని హాల్లోకి వచ్చారు. కోడలు మళ్లీ వెళ్లి గంజి కుండ తెచ్చింది. "ఆ కొస పట్టుకో నాయనా" అంది పెద్దక్క. పట్టుకున్నాను. స్తంభానికి కట్టింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా పడుగు సాగింది, హాలుకు సరిగ్గా సరిపోయింది. చూసి మనసులో నన్ను నేను మెచ్చుకున్నాను.

"ఎవరు దువ్వుతారు పెద్దమ్మా? మనం ముగ్గురమే కదా" అన్నాను.

ఆమె గంజి కుండ దగ్గరికి లాక్కుంది. పడుగంతా గంజి పట్టించేసింది. ఇక వెనక్కి తిరిగే వీల్లేదు. రెండు నెలలు నేయాల్సిన నూలు, ఆమె ఇంట్లో ఉన్న నూలంతా అదే. అప్పుడు కొంగు నడుముకు బిగించి, వాకిట్లోకి పోయి, రాయి పక్కనే నిలబడి గొంతెత్తింది.

"పడుగు ఎండిపోతాండాది! గంజి పెట్టినా, మనిషి ల్యా! బిన్నా రాండప్పో!"

ఆ ఊళ్లో ఆ కేకకు ఒక మర్యాద ఉంది. గంజి పెట్టిన పడుగు దగ్గరికి రమ్మంటే, మాటలు లేని దాయాదులు కూడా వస్తారు. కోర్టుకెక్కినవాళ్లు కూడా వస్తారు. పని అయ్యాక మళ్లీ మొహాలు తిప్పుకుంటారు, అది వేరే సంగతి. తన పగవాడిదైనా సరే, ఎదురుగా నూలు పాడవుతుంటే చూస్తూ నిలబడే నేతగాడు ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు. కుంచెలు చేతబట్టుకుని సందు సందు నుంచీ పరుగెత్తుకొచ్చారు. వచ్చి, పడుగు ఎక్కడుందో చూసి, మెట్ల దగ్గర టక్కున ఆగిపోయారు.

వాళ్లందరి ముందు ఒక ముసలి నేతగాడు. పెద్దక్కకు మామ వరస. ఆయన రాయి వైపు చూశాడు, లోపల తడి నూలు వైపు చూశాడు. గాలి స్తంభాల మధ్య నుంచి బాగా వీస్తోంది. నేను గొప్పగా తెచ్చిన గాలే గంజిని ఆర్చేస్తోంది. ఆ నిమిషంలో నా గాలీ వద్దు, నా స్తంభాలూ వద్దు, ఆమె నూలు దక్కితే చాలనిపించింది.

"ఏం పని చేసినావే పెద్దక్కా!" అని ముసలాయన బూతులాంటిది ఏదో అన్నాడు. అని, ఒక్క అంగలో గడప దాటి లోపలికొచ్చి పడ్డాడు. ఆయన వెనకే అందరూ. "నువ్వు వదులు సామీ, పోగులు తెంపుతాండావు" అని ఎవరో నన్ను పక్కకు తోసేశారు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు కుంచెలు వేసి నడుస్తున్నారు, మిగిలినవాళ్లు అంటుకున్న పోగులు విడదీస్తున్నారు. దువ్వుతున్నంత సేపూ తిడుతూనే ఉన్నారు. సమాధిలో పడుగు సాచిన ఆడదాన్ని యాడన్నా చూసినామా అని ఒకరు, దీనికి మతి పోయిండాదని ఒకరు. పెద్దక్క ఆ తిట్లన్నీ దీవెనల్లా వింటూ గంజి చిలకరిస్తూ వెళ్తోంది.

కొంతసేపటికి తిట్లు తగ్గాయి. ఎవరో ఎద్దు బేరం కత మొదలుపెట్టారు. ఇంకెవరో దానికి వంక పెట్టారు. అటు చివర నుంచి నవ్వు వినిపించింది. "దుమ్ము ల్యాకుండా ఎంత బాగా వస్తాందో చూడు నూలు" అన్నాడు ఒకాయన, పడుగును అరచేత్తో నిమురుతూ. "నీడ గూడ ఉండాది" అన్నాడు ఇంకొకాయన. అది విని నేను ఒక స్తంభం చాటుకు పోయి కళ్లు తుడుచుకున్నాను. ఏ పెద్ద ఇంజనీరు మెప్పూ నాకు అంత తీపిగా లేదు.

పని అయ్యేసరికి పెద్దక్క కోడలు రొట్టెల గంప తెచ్చి హాలు మధ్యలో దించింది. ఎవరూ గంప దగ్గరికి రాలేదు. అంటు ఉన్నచోట ఎవరూ ముద్ద నోట్లో పెట్టరు. తింటే అది మామూలు ఇల్లే అని ఒప్పుకున్నట్టు. ముసలాయన అరుగు మీద కూర్చుని గంజి చేతులు చూసుకుంటూ నెమ్మదిగా అడిగాడు.

"ఇంటికి పోయి నేను తలకు పోసుకోవాల్నా, వద్దా? అది చెప్పు నాకు."

"పోసుకో మామా" అంది పెద్దక్క. "ఒళ్లంతా గంజి అయిండాది. దానికి పోసుకో."

ఆయన గంజి చేతుల్ని పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత చెయ్యి చాపాడు. ఆమె రొట్టె పెట్టింది.

ఆ శనివారం టూరింగ్ టాకీసు ఆయన్ని బతిమాలి మిషను మళ్లీ తెప్పించాం. పొద్దు వాలకముందే అరుగులు నిండాయి. నేల నిండింది. పిల్లలు స్టేజీ మీద తెల్లగోడకు వీపు ఆనించి కూర్చుంటే వాళ్లను దించడం శెట్టి తరం కాలేదు. ఊరి నేతగాళ్లు గోడ మీద పడుగు దువ్వుతున్నవాళ్లను చూసి, ఎవడికి కుంచె పట్టడం వచ్చు, ఎవడికి రాదు అని గట్టిగా తేల్చి చెబుతున్నారు. పెద్దక్క ఇంట్లో పని ముగించుకుని వచ్చేసరికి ఆమెకు చోటు లేదు. అరుగు మీద ఇద్దరు కుర్రవాళ్లను నేను లేపబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"లేపాకు నాయనా" అంది, బయట చీకట్లో స్తంభాన్ని ఆనుకుని నిలబడుతూ. "లోపల కూచుంటే గోడ ఒక్కటే కనపడతాది. ఈడ్నుంచి మావోడూ కనపడతాండాడు, జనమూ కనపడతాండారు."